ఒక్కాకు నేస్తాలు

మా మనవడి పోరు పడలేక మొన్న కొండచేలల్లో వలిసెలు పసుప్పచ్చగా పూసిన రోజుల్లో అరకు వెళ్ళొచ్చాను. రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెడుతున్నారు. ఇవే కొండల్ని ఎడ్ల మీద ఉప్పు బస్తాలు వేసుకుని ఎక్కిన మా నాన్న ఈ బండిని చూస్తే ఏమనేవాడా అని ఆలోచించాను. ఆయన ఆశ్చర్యపడే మనిషి కాదు. ఇందులో వేస్తే ఉప్పు చెమ్మగిల్లకుండా వెళ్తుందా అని మాత్రం అడిగేవాడు. స్టేషన్లో దిగగానే ఒకావిడ అడ్డాకు దొప్పలో ఉడకబెట్టిన చిలగడదుంపలు పెట్టి చేతికిచ్చింది. వేడికి ఆకు వాసన లేచింది. కొంచెం పచ్చిగా, కొంచెం వగరుగా, వానకు తడిసిన కర్ర వాసనలా ఉంటుందది. మనవడు దుంపలు తిని దొప్ప పారేశాడు. నేను నా దుంపలు కూడా వాడికిచ్చి దొప్ప దగ్గర పెట్టుకున్నాను. తాతకి మతి పోయిందనుకుని ఉంటాడు. అనుకోనీ.

నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. మాది కిందన శృంగవరపుకోట వైపు పల్లె. నేను పుట్టక ముందే నాన్న ఉప్పూ ఎండుచేపలూ పట్టుకుని కొండెక్కి, లోయలో సంత జరిగే ఊళ్ళో ఇల్లు కట్టాడు. మట్టి గోడలు, గడ్డి కప్పు. వంటింట్లో పొయ్యికి పైన ఉట్టి మీద ఉప్పు బుట్ట వేలాడేది. పొగ తగలకపోతే మంచుకి ఉప్పు ఏడ్చేస్తుందనేది అమ్మ. తెల్లవారుజామున ఆ మంచు అడక్కుండానే గుమ్మం దాటి లోపలికొచ్చేది. నాన్నమ్మ కుంపటి ముందు కూర్చుని మోకాళ్ళకి వలిసె నూనె రాసుకుంటూ, ఇంట్లో వాళ్ళందర్నీ పేరుపేరునా పిలిచి లేపేది. దొడ్లో పశువుల్ని కూడా అలాగే పిలిచేది. "పేరెట్టి పిలిస్తేనే మనిసికి పానం లేసొత్తాది" అనేది. చింతపండు, మైనం, పొగ, ఎండుచేప, వీటన్నిటి కింద మెత్తగా పరుచుకున్న అడ్డాకు వాసన. ఇవాళ కళ్ళు మూసుకుంటే ఆ ఇల్లు ముందు ముక్కుకి తగిలి, ఆ తర్వాతే కంటికి కనిపిస్తుంది. ఉప్పుని మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎవరి చేతికీ ఇచ్చేవాళ్ళు కాదు. చేతికిస్తే తగవొస్తుందని కింద పెట్టేవాళ్ళు. సంతలో నాన్న కూడా అంతే, ఆకులో పోసి నేల మీద పెడితే కొండవాళ్ళు వంగి తీసుకునేవాళ్ళు.

మా లోయలో ఒక్కాకు నేస్తాలని ఉండేవాళ్ళు. కింద నుంచి వచ్చిన వ్యాపారులూ రైతులూ సగం మంది, కొండ ఊళ్ళ పెద్దలు సగం మంది. అందరూ మగవాళ్ళే. ఎప్పుడో తాతల నాడు కిందవాళ్ళకీ కొండవాళ్ళకీ సంతలో కొట్లాట జరిగి నెత్తురు కారితే, చివరికి ఒకే ఆకులో తిని రాజీపడ్డారని చెప్పేవాళ్ళు. అప్పట్నుంచి ఏటా చైత్రంలో, కొండవాళ్ళు వేటకెళ్ళే ఇటుకల పండగ రోజుల్లో, ఆ ఆకు మళ్ళీ పరిచేవాళ్ళు. అందులో చెయ్యి పెట్టినవాడు తక్కినవాళ్ళందరికీ నేస్తం. ఒకడి కష్టం అందరిదీ. ఇక ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోట పలకకూడదు. పలికితే ఆ పేరు గలవాడికి ఆయువు తరుగుతుంది. మరి అందరూ నేస్తాలే అయితే ఎవరెవరో ఎలా తెలుస్తుంది? అందుకని నాన్న ఉప్పు నేస్తం, మా పక్కింటాయన బట్టల నేస్తం, గాలికొండ అవతల నుంచి తేనె తెచ్చే ఆయన తేనె నేస్తం. పెళ్ళాం మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడినట్టు ఈ మగవాళ్ళంతా మెలికలు తిరుగుతుంటే నాన్నమ్మకి నవ్వాగేది కాదు. "మీసాలొచ్చిన పెల్లికూతుల్లు" అనేది.

నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. లోకంలో అంతకంటే గొప్పది లేదనుకునేవాణ్ణి. సంత రోజు పొద్దున్నే మంచులోంచి కావళ్ళు ఒక్కొక్కటే బయటపడుతుంటే, మనుషుల మొహాలింకా కనపడక ముందే "నేస్తం" అన్న పిలుపు వినిపించేది. ఇటు నుంచి నాన్న "నేస్తం" అనేవాడు. ఆ రెండు పిలుపులూ మంచులో కలుసుకునేవి, ఆ తర్వాత మనుషులు కలుసుకునేవాళ్ళు. ఈ కొండలు జారిపోకుండా పట్టుకుంటున్నది ఆ మాటేనని నా నమ్మకం. నాకెప్పుడు మీసం వస్తుందా, నన్నెప్పుడు ఆకు ముందు కూర్చోబెడతారా అని అద్దం కూడా లేని ఇంట్లో నీళ్ళబిందెలో మొహం చూసుకునేవాణ్ణి.

వాళ్ళందరిలోకీ నాకు ప్రాణమైనవాడు తేనె నేస్తం. మొహం నిండా మశూచి మచ్చలు, ఎడమ చెవికి ఇత్తడి పోగు. ఆయన అరుగు మీద కూర్చుంటే పొగా మైనమూ కలిసిన వాసన వేసేది. ఎన్నేళ్ళొచ్చినా అరుగు దాటి లోపలికి రాలేదు. రమ్మని మేమూ అనలేదు. అది నాకు అప్పట్లో వింతగా తోచలేదు. తేనెపట్టు తీసేముందు ఈగలతో మాట్లాడతావట కదా, ఏమని చెప్తావని ఒకసారి అడిగాను.

"ఏటుంది బాబూ. మీ ఇంటికొచ్చినాను, కోప్పడకండి, పిల్లలకి కొంచెం అట్టిపెట్టి ఎల్తాను అని సెప్తాను."

"అవి వింటాయా?"

"ఇనేవి ఇంతాయి. ఇననివి కుడతాయి" అని నవ్వాడు.

నాన్న నోరు బయట ఎంత పొదుపో ఇంట్లో అంత దుబారా. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వానలకి తేనె ఆలస్యమైనా, చింతపండులో గింజ ఎక్కువున్నా, తేనె నేస్తం పేరు పెట్టి, పేరు చివర "గాడు" కూడా తగిలించి తిట్టేవాడు. అమ్మ ఉలిక్కిపడి, "నేస్తం పేరెత్తీసినారు" అనేది. "ఇంట్లో అన్నది లెక్కలోకి రాదులే" అనేవాడు నాన్న. నిజమే కాబోలు, లెక్కలోకి వచ్చేదీ రానిదీ పెద్దవాళ్ళకి తెలుస్తుంది అనుకునేవాణ్ణి.

నాకు పద్దెనిమిదో ఏడు వచ్చిన చైత్రంలో నన్ను ఆకు ముందు కూర్చోబెట్టారు. అంతకు ముందటేడు కొండల్లో సర్కారు మీద పితూరీ రేగి చల్లారింది. పోలీసులు ఇంకా ఊళ్ళమ్మట తిరుగుతూనే ఉన్నారు. దొరల కోసం ఘాటీ రోడ్డు పని కూడా జోరుగా సాగుతోంది. ఆ పొద్దున మాత్రం అవేవీ ఎవరికీ గుర్తు లేవు. పోడు కాల్చిన పొగా మంచూ కలిసి లోయంతా పాలు పోసినట్టుంది. కొండ నేస్తాలు వెదురు పుల్లలతో అడ్డాకుల్ని కుట్టి కుట్టి నులకమంచమంత విస్తరి చేశారు. దాని మధ్య సామబియ్యం అన్నం, పక్కన వేట మాంసం, పైన తేనె. చుట్టూ మేమంతా మోకాళ్ళు ఆనించుకుని కూర్చున్నాం. ఎవరి మొదటి ముద్ద వాళ్ళు తినకూడదు, కుడిపక్కన ఉన్నవాడి నోట్లో పెట్టాలి. నా నోట్లో ముద్ద పెట్టింది తేనె నేస్తం. ఆయన వేళ్ళు పొగ చూరి గరుగ్గా ఉన్నాయి. "ఇయ్యాల్టి నుంచి నువ్వు బాబువి కావు. నేస్తానివి" అన్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత చాలా పెళ్ళిళ్ళలో తిన్నాను, చాలా పెద్దవాళ్ళ ఇళ్ళలో తిన్నాను. అలాంటి ముద్ద మళ్ళీ నా నోటికి రాలేదు, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

తినడం అయ్యాక కొండ నేస్తాలు అక్కడే చెట్ల కింద నడుం వాల్చారు. కింద నుంచి వచ్చినవాళ్ళంతా పక్కనే పారే గెడ్డ వైపు నడిచారు. ప్రతి ఏడూ ఆకు పండగనాడు నాన్న తడిబట్టతో ఇంటికి రావడం చూసి, స్నానం కూడా పూజలో భాగమే అనుకునేవాణ్ణి. ఆ రోజు నీళ్ళలో దిగాక చుట్టూ చూస్తే ఒక్క కొండ నేస్తమూ లేడు.

"నాన్నా, ఆళ్ళు తానం సెయ్యరా?" అని అడిగాను.

"ఆళ్ళకెందుకురా? ఆళ్ళతో తిన్నది మనం. ఇంట్లోకెల్లాలి గదా, మునుగు బేగి."

నేను మునిగాను. నోట్లో తేనె తీపి ఇంకా ఉంది. ఒంటి మీద నీళ్ళు మాత్రం చాలా చల్లగా తగిలాయి.

మధ్యాహ్నం సంత నిండుగా ఉంది. ఇటుకల పండగ రోజుల్లో ఆడవాళ్ళదే రాజ్యం. దారికి అడ్డంగా తాడు కట్టి, ఏదో ఒకటి ఇవ్వందే ఏ మగవాణ్ణీ దాటనివ్వరు. ఆటలూ పాటలూ ఎకసెక్కాలూ. ఆ తాడు దగ్గర ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. వెళ్ళి చూస్తే ఒక జమేదారు, ఇద్దరు పోలీసులు, వాళ్ళ మధ్య చేతులు వెనక్కి కట్టేసిన తేనె నేస్తం. పితూరీలో తప్పించుకు తిరుగుతున్న ఎవడికో మొహం మీద మచ్చలు, చెవికి పోగు ఉన్నాయట. ఆ ఆనవాళ్ళతో ఈయన్ని పట్టుకున్నారు. తాడు అవతలి కొసని ఒక ఆడమనిషి చేతికి చుట్టుకుని నిలబడి ఉంది. ఆమె తేనె నేస్తం భార్య. జమేదారు అరిచినా తాడు వదల్లేదు.

జమేదారు మరీ దుర్మార్గుడేమీ కాదు. ఎండకి విసిగిపోయి ఉన్నాడు. "వీడు తన పేరు నా చెవిలో చెప్పాడు. అదే పేరు మీ వ్యాపారుల్లో ఎవరైనా చెప్పండి, ఇక్కడే వదిలేస్తాను. కొండవాళ్ళ సాక్ష్యం నాకొద్దు, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు దాచుకుంటారు" అన్నాడు.

ఇంతేనా అని నాకు గుండె తేలికైపోయింది. అక్కడున్న కిందవాళ్ళలో ఆయన్ని ఎరగనివాడు లేడు. అప్పుడు తట్టింది, అక్కడున్న కిందవాళ్ళంతా పొద్దున ఆ ఆకులో తిన్నవాళ్ళే.

నాన్న ముందుకొచ్చాడు. "ఈయన మా నేస్తం బాబూ. ఎన్నో ఏళ్ళ నుంచీ ఎరుగుదుం."

"పేరు?"

"మేం పేరెత్తం బాబూ. మా ఆచారం అది."

జమేదారు బట్టల నేస్తం వైపు చూశాడు. ఆయనా అదే మాట. ఆ పక్కాయనా అదే మాట. అందరూ ఎంత భక్తిగా అన్నారంటే, జమేదారుకి నవ్వొచ్చింది. తాడు పట్టుకున్న ఆమె నవ్వలేదు. ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. "నానంటే పెనిమిటి పేరు సెప్పకూడదు. మీకేటొచ్చింది?" అంది. 

నేను నాన్న భుజం దగ్గరికెళ్ళి, "నోటితో కదా అనకూడనిది. మట్టిలో రాసి సూపిత్తే తప్పేటి?" అన్నాను.

"నోరు మూసుకో. ఆ రోడ్డు పనోళ్ళకి బియ్యం తోల్తన్నది మనమే కదేటి. రేపు నిజంగా ఈడే ఆ పితూరీవోడైతే, మన కొంప మీదకొస్తాది" అన్నాడు నాన్న పెదవి కదపకుండా.

ఆ మాటతో ఇన్నాళ్ళూ మంచులో వినిపించిన పిలుపులన్నీ ఒక్కసారి ఆగిపోయినట్టయింది. అయినా నాకు భయం పోలేదు. నేను పొద్దున్నే ఆ ముద్ద తిన్నవాణ్ణి, ఆ ఆచారాన్ని ఒంటి నిండా నమ్మినవాణ్ణి. పేరెత్తితే ఈయన ఆయువు తరిగిపోతుంది. ఎత్తకపోతే ఈయన్ని తీసుకుపోతారు, తీసుకుపోయినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. ఆయన మమ్మల్నెవర్నీ బతిమాలలేదు. నా వైపు చూసి, పొద్దున నోట్లో ముద్ద పెట్టినప్పటిలాగే కొంచెం నవ్వాడు. ఆ క్షణంలో నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. నాన్న ఆ పేరుని "గాడు" తగిలించి ఎన్ని వానాకాలాలు తిట్టాడో, అన్ని వానాకాలాలూ దాటి ఈ మనిషి గుండ్రాయిలా నా ఎదురుగా నిలబడే ఉన్నాడు.

"సుక్రు" అన్నాను. "శుక్రవారం పుట్టాడు. ఊరు గాలికొండ అవతల."

జమేదారు నన్ను పైనుంచి కిందకి చూశాడు. తర్వాత పోలీసు వైపు తల ఊపాడు. కట్లు విప్పారు. అంత జరిగినా ఆమె తాడు దించలేదు, పండగ పండగే. చివరికి ఒక పోలీసు తన బీడీ కట్ట ఆ తాడు మీద పెడితే గానీ వాళ్ళని దాటనివ్వలేదు. అప్పుడు ఆడవాళ్ళంతా మళ్ళీ పాట ఎత్తుకున్నారు.

సాయంత్రం ఎండ ఉండగానే పనస చెట్ల కింద నేస్తాలు కూడారు. నేను పేరెత్తాను, అందులో వాదనేమీ లేదు. ఆచారం ప్రకారం ఎవరి పేరు బయటికొచ్చిందో అతనే, పేరెత్తినవాడి వంతు ఆకు చింపి గెడ్డలో కలపాలి. ప్రాణం దక్కిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నాన్న ఎటో చూస్తూ కూర్చున్నాడు. సుక్రు లేచి, పొద్దున నేను చెయ్యి పెట్టిన వైపు విస్తరి అంచు పట్టుకుని చింపాడు. వెదురు పుల్లలు ఒక్కొక్కటీ ఊడుతున్న చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

ఇద్దరం గెడ్డ దాకా నడిచాం. ఆకు నీళ్ళలో వదిలాడు. అది కాసేపు రాయికి తట్టుకుని ఆగి, తర్వాత వెళ్ళిపోయింది.

"నాను పిలవకపోతే నిన్ను తోలుకెల్లిపోదురు" అన్నాను. నాకు ఏడుపొస్తోంది.

"నాకు తెల్దేటి బాబూ."

మళ్ళీ బాబునైపోయాను. "మరెందుకు సింపినావు? నువ్వైనా కాదనకూడదా?"

ఆయన వంగి చేతులు కడుక్కున్నాడు. "నాను కాదంటే ఆకు ఇరిగిపోతాది. ఆకు ఇరిగిపోతే మా కొండకి ఉప్పెవులు తెత్తారు?"

నాన్న సంగతి అర్థమై అప్పటికి కొన్ని గంటలే అయింది. ఈ మాట అంతకంటే లోతుగా దిగింది. మంచులోంచి వచ్చే ఆ తీయటి పిలుపు ఇటు వైపు వ్యాపారం, అటు వైపు ఉప్పు. మధ్యలో దాన్ని స్నేహమనుకుని కలలు కన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఏమిటో ఆ గెడ్డ ఒడ్డున తెలిసింది. వెళ్ళిపోదామని తిరిగాను.

"బాబూ" అని పిలిచాడు. "మా అమ్మ పోనాక ఆ పేరు ఎవులూ పిలవనేదు. నా ఇంటిది అనకూడదు. సంతలో అందరూ నేస్తాలే. ఊళ్ళో పిల్లలు తాత అంతారు. ఇందాక నువ్వంటే ఎవుల్నో అనుకున్నాను." తడి చేతులు దులుపుకుని, "ఇంకోపాలి అను" అన్నాడు.

ఆయన మా నాన్న ఈడువాడు. ఒట్టి పేరు పిలవడానికి నోరు రాలేదు. అయినా పిలిచాను. "సుక్రూ."

"ఓయ్" అన్నాడు, ఎక్కడో దూరాన ఆడుకుంటున్న పిల్లవాడు పలికినట్టు. ఆ పైన ఇద్దరం అటొకరం ఇటొకరం వెళ్ళిపోయాం.

మరుసటి చైత్రం కూడా ఆయన ఆకు ముందు కూర్చున్నాడు, నాన్న పక్కనే. నేను కూర్చోలేదు. కొన్నాళ్ళకి చదువు వంకతో కిందకి దిగిపోయాను. నాన్న మీద కోపం చాలాకాలం ఉంది. ఇంట్లో ఎంత చికాకొచ్చినా ఆ తర్వాత ఆయన ఆ పేరు పెట్టి తిట్టలేదని అమ్మ చెప్పినప్పుడు కొంత తగ్గింది. గెడ్డలో స్నానం మాత్రం మానలేదట. నా జీవితంలో సంఘాలకి కొదవ లేదు. అధ్యక్షులూ దండలూ శాలువాలూ, సోదరులారా అన్న ఉపన్యాసాలూ, అన్నీ చూశాను, కొన్నిట్లో నేనే ఉపన్యసించాను. ఎక్కడా మనసు మొత్తం పెట్టలేదు. చప్పట్లు మోగుతుంటే నేను మాత్రం ఆ మొహాల వైపు చూస్తూ, చేతులు కట్టేసి నన్ను తాడు దగ్గర నిలబెడితే వీళ్ళలో నా పేరు చెప్పేదెవరు అని వెతుక్కునేవాణ్ణి. ఇదొక జబ్బు. దీనివల్ల కొందరు మంచివాళ్ళని కూడా దూరం చేసుకున్నాను. ఆ ముద్ద రుచి అబద్ధం కాదని తెలిసీ దూరం చేసుకున్నాను.

మొన్న మనవణ్ణి తీసుకుని గాలికొండ అవతలి ఊరికి జీపులో వెళ్ళాను. రోడ్డంతా కాఫీ తోటలు. లారీలు తిరగడం మొదలెట్టాక ఉప్పుకోసం ఎవరూ ఎవరికీ నేస్తం కానవసరం లేకపోయింది, ఆకు పరచడం ఎప్పుడో ఆగిపోయిందని డ్రైవరు చెప్పాడు. బాధ కలుగుతుందనుకున్నాను గానీ కలగలేదు. ఊరి చివర చనిపోయినవాళ్ళకి నిలబెట్టిన రాళ్ళున్నాయి. ఏ రాయి మీదా పేరు లేదు. సుక్రుది ఏదని అడిగితే చెప్పగలిగిన ముసలివాళ్ళు కనపడలేదు. రాళ్ళ వెనకాల వలిసె చేను పచ్చగా మెరుస్తోంది. ఆకు దొప్ప జేబులో ఎండిపోయి గరగరమంటోంది. ఏదో ఒక రాయి పక్కన కూర్చున్నాను.

అప్పుడు పక్క ఇంటి పెరట్లోంచి ఒక ఆడమనిషి గొంతెత్తి, "సుక్రూ, బేగి రా, అంబలి సల్లారిపోతంది" అని పిలిచింది.

ఉలిక్కిపడి లేచాను. వీళ్ళలో పోయిన తాతల పేర్లు పుట్టిన పిల్లలకి పెడతారని తెలిసినా లేచాను. చేలో పూల మధ్య ఎక్కడో ఒక చిన్న తల ఊగింది. వాడు రాలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. ఈసారి ఆ పేరుని కొండకి తగిలేదాకా సాగదీసి పిలిచింది. వాడు అప్పటికీ రాలేదు. మనవడు నా చెయ్యి పట్టుకుని వెళ్దామన్నాడు. కాసేపు ఆగరా అన్నాను. చేలో ఆ పిల్లాడు ఇంకాసేపు రాకపోతే బాగుండును, ఆ తల్లి ఇంకొన్నిసార్లు పిలుస్తుంది అనిపించింది.